అడ్డంకి నంబరు ఏడు

రెండువేల నాలుగు ఎండాకాలంలో కృష్ణానది గురించి సర్కారు దగ్గర రెండు కాగితాలుండేవి. ఒకటి పుష్కరాలది. ఆగస్టులో లక్షలమంది వచ్చి మునుగుతారు, కాబట్టి మెట్లు కట్టాలి. రెండోది హైదరాబాదులోని ఒక సంస్థ పెట్టుకున్న దరఖాస్తు. గద్వాల దగ్గర నది అడుగు ఎడారిలాగే ఉంది, కాబట్టి మనిషి తోలకుండా తనంతట తాను నడిచే తమ బండిని అక్కడ పరీక్షించుకోవడానికి అనుమతి కావాలి. రెండింటికీ అనుమతి దొరికింది. ఏప్రిల్‌లో ఎడారి, ఆగస్టులో తీర్థం. సంతకాలు పెట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే రెండు కాగితాల్లోనూ అబద్ధం లేదు.

సంస్థవాళ్ళకు అసలు కావలసింది రాజస్థాన్. అంతదూరం బండినీ మనుషుల్నీ మోయడానికి పైవాళ్ళు ఒప్పుకోలేదు. జీపులో ఒక్కపూటలో చేరుకునే ఎడారి ఏదైనా ఉంటే వెతుక్కోమన్నారు. జనవరిలో శ్రీనివాస్ అనే ఇంజనీరు వచ్చి చూశాడు. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివినవాడు, ఈ దిక్కు కొత్త కాదు. జూరాల ఆనకట్టకు దిగువన నది ఎండిపోయి ఉంది. అరమైలు వెడల్పున ఇసుక, అక్కడక్కడ నల్ల బండలు, మనిషి జాడ లేదు. పటం మీద రెండు చుక్కలు పెట్టి, మధ్యలో గీత గీసి, ఎనిమిది వందల మీటర్లని రాసుకుని పోయాడు. అతను పోయిన వారానికి అక్కడ గుంతలు తవ్వారు. ఏప్రిల్‌లో బండితో దిగేసరికి గీతకు సరిగ్గా నడుమ ఒక కర్బూజ తోట ఉంది. తోట నడుమ ఖుర్షీద్ బేగం ఉంది.

ఇలాంటి ఆడమనిషి గురించి రాసేవాళ్ళు మట్టిమనిషి అని మొదలుపెట్టి భూదేవి అని ముగిస్తారు. మట్టి ఉన్నవాళ్ళకు పట్టా ఉంటుంది. ఖుర్షీద్ బేగానికి ఉన్నది ఇసుక. పుట్టింది తెలకపల్లిలో. అక్కడ నది లేదు, ఏ రెండేళ్ళకో చెరువు నిండితే అదే సముద్రం. పదహారేళ్ళకు గద్వాల హఫీజ్‌ను చేసుకుని వచ్చింది. హఫీజ్ తొమ్మిది నెలలు సైకిళ్ళు బాగుచేసేవాడు, మూడు నెలలు నదిలో కర్బూజ పండించేవాడు. ఎనభై అయిదులో జ్వరం వచ్చి పోయాడు. సైకిలు దుకాణం అతని తమ్ముడు తీసుకున్నాడు. ఇసుక నాకు కావాలని మాత్రం చుట్టాల్లో ఒక్కడూ ముందుకు రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఇసుకలో సేద్యమంటే నీళ్ళు మోయడమే. రెండు మూరలు తోడితే చెమ్మ తగులుతుంది. ఆ గుంతలో మేక ఎరువు వేసి నాలుగు గింజలు పెట్టాలి. ఇంకొంచెం లోతుగా తవ్వితే చెలిమె, అడుగున నీళ్ళూరుతాయి. ఆ నీళ్ళు కడవకు తోడి, చంకనెత్తుకుని, గుంత గుంతకూ పోయాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఖుర్షీద్ బేగానికి రెండు వందల పది గుంతలుండేవి. దీన్ని పవిత్రమైన శ్రమ అని ఎవరైనా పొగిడితే వాళ్ళ చేతికి ఒక కడవ ఇచ్చి చూడాలి. మసీదు పెద్దమనిషి ఒకరు ఓసారి నమాజు సంగతి ఎత్తితే, "రోజుకు నాలుగువందల సార్లు వంగుతున్న, అండ్ల అయిదు ఆయన తీసుకోడా" అని అడిగింది. ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆమె మంచిదని చెప్పడానికీ లేదు. గద్వాల బస్టాండు దగ్గర గంప పెట్టుకుని, కాయను గోటితో కొట్టి చూసి, "ఇది ఈ పొద్దుకు, ఇది రేపటికి, ఇది నీ ఆడబిడ్డకు" అని వేరుచేసి ఇచ్చేది. ఆడబిడ్డకు ఇచ్చిన కాయ ఎప్పుడూ చప్పగానే ఉండేది. అది తెలిసే ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఆమె దగ్గరే కొనేవారు.

ఆ ఇసుకకు పట్టా లేదన్నాను కదా, హద్దూ లేదు. ఏటేటా నది వచ్చి అంతా తుడిచిపోతుంది. అందుకని ఒడ్డున ఉన్న పదీ పన్నెండు కుటుంబాలవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గుంతలో మొదటి పండు దిగాలి. దాన్ని ఆ ఇసుక మీదే కోయాలి. పక్క తోట మనిషి దాన్ని తిని, గింజలు అక్కడే ఉమ్మి, తియ్యగుందని నోటితో చెప్పాలి. చెప్తే ఆ జాగ వచ్చే ఏడూ కోసినవాళ్ళదే. పచ్చికాయ కోస్తే చెల్లదు. మొదటి పండు దిగకముందే తోట పాడైతే, వచ్చే ఏడు ఆ జాగ ముందుగా కట్టె పాతినవాళ్ళది. కోర్టులో నిలిచే చట్టం కాదు గానీ, కోర్టుల కంటే తొందరగా తెగే చట్టం.

ఖుర్షీద్ బేగం తోటలో మొదటి పండు దిగడానికి ఇంకా పదిహేను రోజులుంది. సంస్థ పరీక్ష పది రోజులు.

"అమ్మా, పది రోజులు జర పక్కకు జరగాలె. నష్టపరిహారం ఇప్పిస్తం" అన్నాడు శ్రీనివాస్.

"కాయలకిస్తవు. జాగకో?"

"జాగ నీది కాదు కదమ్మా, నదిది."

"నది నీకు రాసిచ్చిందా?"

శ్రీనివాస్ కాగితం తీసి చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోకుండా, "ఏముంది అండ్ల" అని అడిగింది.

"ఇది ఎడారి అని ఉంది."

"ఎడారైతే గీ కర్బూజ యాడికెళ్ళి వచ్చె?"

శ్రీనివాస్ కాగితాన్ని తిరగేసి చూశాడు. పక్క తోటలోంచి తిమ్మప్ప పకపకా నవ్వాడు. అతనిది రాయచూరు వైపు, ఇల్లరికం వచ్చినవాడు. ముప్పై ఏళ్ళు తెలుగు మాట్లాడినా అవునని చెప్పాల్సి వచ్చినప్పుడు 'హౌదు' అనే నోరు తిరిగేది. ఖుర్షీద్ బేగం తోట చెడితే ముందుగా కట్టె పాతడానికి అందరికంటే దగ్గర ఉన్నవాడు అతనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "బీబమ్మా, పది రోజులే కదా, నీ బిడ్డ షాజియా ఇంటికి పోయి రారాదు? వడ్డేపల్లిల చల్లగుంటది" అని సలహా ఇచ్చాడు.

"నేను పోంగనె నువ్వు పాతే కట్టెకు కొన చెక్కినవా తిమ్మన్నా?"

"చెక్కలే. చెక్కాలె."

శ్రీనివాస్ చెడ్డవాడు కాదు, ఇరుక్కున్నవాడు. పదో రోజున ముగ్గురు పెద్దసార్ల కమిటీ వస్తుంది. ఆ రోజు బండి ఒక జెండా దగ్గర బయల్దేరి, దారిలో వాళ్ళు పెట్టిన ఆరు బండరాళ్ళను తప్పించుకుంటూ, ఎవరూ ముట్టకుండా, ఎవరూ చెప్పకుండా రెండో జెండా చేరాలి. గీత మార్చడానికి లేదు, అది కమిటీకి పంపిన కాగితంలో ఉంది. బండి దానంతట అదే పక్కకు పోతే ఎవరికీ అభ్యంతరం లేదు. పొమ్మని మనిషి చెప్తే మాత్రం దానికి సొంత తెలివి లేనట్టు. పరీక్ష తప్పితే మళ్ళీ పది రోజులు, ఈసారి పోలీసులతో ఇసుక ఖాళీ చేయించి.

"అయితే నా తోట చూసి పక్కకు పోతది కద నీ బండి?" అంది ఖుర్షీద్ బేగం.

"జానెడుకంటె ఎత్తున్నదాన్ని చూస్తదమ్మా. అంతకు తక్కువైతే దానికి నేలతోటి సమానం."

కర్బూజ తీగ జానెడు లేవదు. ఖుర్షీద్ బేగం తన తీగల వైపు ఒకసారి చూసింది. కడవ ఎత్తుకుని చెలిమె వైపు నడిచింది.

బండి మేకపోతంత ఉంటుంది. ఆరు చక్రాలు, మెడలాంటి కడ్డీ, దాని మీద రెండు కళ్ళు. మూరెడు నడిచి ఆగుతుంది. మెడ అటూ ఇటూ తిప్పి చూస్తుంది. రెప్పపాటు ఆలోచించి ఇంకో మూరెడు నడుస్తుంది. వెనకాల నల్ల గొడుగు కింద కంప్యూటరు పట్టుకుని లావణ్య అనే అమ్మాయి, ఆమె వెనక ఇంకో నలుగురు. మొదటి రోజే తిమ్మప్ప దానికి పెండ్లికొడుకు అని పేరు పెట్టాడు. గొడుగూ, వెనక జనమూ, ఆ నడకా చూస్తే వేరే పేరు తోచదు. గీతకు అటూ ఇటూ ఉన్న తోటల్లో అదే పేరు నిలిచిపోయింది. "పెండ్లికొడుకు యాడిదాక వచ్చిండు?" "బండ కాడ అలిగి కూసున్నడు."

ఖుర్షీద్ బేగం మూడు రోజులు చూసింది. ఎద్దును కొనేముందు సంతలో ఎట్లా చూస్తారో అట్లా. పొద్దున ఇంజనీర్లు గద్వాలలో ఇడ్లీలు తిని రేవు దిగేసరికి పది దాటేది. అప్పటికే ఇసుక కాలి, కంప్యూటరు మొరాయించేది. అందుకని పరీక్షలన్నీ సాయంత్రం నాలుగు తర్వాతే. ఆ వేళకు ఆమె నీళ్ళు పోస్తూ ఓ కన్ను అటు వేసి ఉంచేది. నాలుగో రోజు సాయంత్రం లావణ్య నీడ కోసం ఆమె గుడిసె దగ్గరికి వచ్చింది. నాగర్‌కర్నూల్ పిల్ల.

"మా తెలకపల్లి పక్కనే కద నువ్వు. మా దిక్కు పిల్లవు" అని దోసకాయ కోసి పెట్టి, "బిడ్డా, అడ్డమొస్తే మీ బండి ఎప్పుడు ఎడమకే తిరుగుతది, ఎందుకు?" అని అడిగింది.

లావణ్య దోసకాయ నములుతూ ఆగింది. "ఎప్పుడూ కాదు పెద్దమ్మా. రెండు దిక్కులా సమానమైతేనే."

"సమానమైతే ఎడమకే ఎందుకు?"

"ఏదో ఒకటి రాయాలె కదా. నేనే రాసిన, ఎడమ అని."

"నువ్వు ఎడమచేతిదానివా?"

లావణ్య తన చేతిలోని దోసకాయ ముక్క వైపు చూసుకుంది. అది ఎడమ చేతిలోనే ఉంది. మనిషి జోక్యం లేకుండా సొంతంగా నిర్ణయాలు తీసుకునే యంత్రమని కాగితంలో రాసి ఉన్నదానిలో నాగర్‌కర్నూల్ పిల్ల ఎడమచెయ్యి ఉందని పసిగట్టడానికి ఖుర్షీద్ బేగానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. కమిటీ పెద్దసార్లకు చివరిదాకా తెలియలేదు.

"ఇంకోటి చెప్పు. దాని ముంగల ఎవరన్న కదిలితే?"

"ఆగి, మళ్ళా మొదటికెళ్ళి లెక్క చేస్తది. మూడుసార్లు గట్లయితే మొత్తానికి ఆగిపోతది. మేం పోయి లేపాలె. లేపితే ఇగ పరీక్ష పోయినట్టే."

మర్నాడు పొద్దున ఆమె ఒడ్డుకు పోయి జమ్ముగడ్డి కోసుకొచ్చింది. రెండు రోజులు కూర్చుని తడకలు అల్లింది. మోకాలెత్తు తడకలు. ఇసుక గాలి కొట్టకుండా తీగలకు తడకలు కట్టడం అక్కడ అందరూ చేసేదే. ఈమె కట్టింది మాత్రం బండి వచ్చే పడమటి వైపున, కొంచెం ఏటవాలుగా, పశువును దొడ్డి వైపు మళ్ళించడానికి కంప వేసినట్టు. నడుమ ఒక్కచోట వదిలింది. అది ఆమె చెలిమె దారి. చంకన కడవతో రోజూ పోయే దారిని ఎవరూ మూసుకోరు.

"ఈ తడకలు మొన్న లేవు కదమ్మా" అన్నాడు శ్రీనివాస్.

"గాలి సారూ. తీగ మాడిపోతది."

"గాలి ఏ దిక్కునుంచి వస్తుంది?"

"మీ బండి వచ్చే దిక్కునుంచే."

శ్రీనివాస్ తడకల వంపు చూశాడు, పటం చూశాడు, ఆమె ముఖం చూశాడు. పటం మడిచేశాడు. కమిటీ కళ్ళముందు తన బండి ఒక ఆడమనిషి తోట మీదుగా పోవడం అతనికి మాత్రం ఇష్టమా. ఆ సాయంత్రం పూర్తి దూరం నడిపి చూశారు. పెండ్లికొడుకు తడక ముందు ఆగాడు, మెడ తిప్పాడు, నిమిషం ఆలోచించి ఎడమకు తిరిగి, తడకల వెంటే తోట చుట్టూ పోయి జెండా చేరాడు. మర్నాడు సాయంత్రమూ అంతే. ఆ మర్నాడూ అంతే. తిమ్మప్ప తన తోటలో నిలబడి తల గోక్కున్నాడు.

కమిటీ పదోరోజు పొద్దున ఏడింటికి వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి కొత్తకోట ధాబాలో చెప్పిపెట్టుకున్నారు, అందుకని పరీక్ష పొద్దుటికి మారింది. విజ్ఞానశాస్త్రాన్ని నడిపించే శక్తుల్లో ఆకలి ఒకటని పాఠ్యపుస్తకాల్లో రాయరు. ఒడ్డున షామియానా వేశారు. దారి పొడుగునా తాడు కట్టారు. జెండా ఊపిన తర్వాత తాడు లోపలికి ఎవరూ అడుగు పెట్టకూడదని మైకులో చెప్పారు. అప్పటికే లోపల ఉన్నవాళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. ఖుర్షీద్ బేగం తెల్లవారకముందునుంచే లోపల ఉంది. చెలిమె దగ్గర కూర్చుని, నీళ్ళు పోయడం ముగించి, అప్పుడే పాన్ చుట్టి బుగ్గన పెట్టుకుంది.

బండి దాదాపు నాలుగు వందల మీటర్లు బాగానే వచ్చింది. ఆరు రాళ్ళలో మూడింటిని తప్పించుకుంది. తోట దగ్గర పడుతున్నప్పుడు ఆమె లేచి తడకల వైపు చూసింది. తాను చేసిన తప్పు అప్పుడు కనపడింది.

ఆమె బండిని చూసింది సాయంత్రాలే. సాయంత్రం పొద్దు బండి వెనక ఉంటుంది, ఏటవాలు తడకల నీడలు తోటలోకీ, నడుమ వదిలిన సందులోకీ పడి దాన్నీ మూసేస్తాయి. పొద్దున పొద్దు ఎదురుగా ఉంటుంది. తడకల నీడలు బండి వైపు సాగి, ఇసుక మీద నల్లగా అడ్డంగా పడి ఉన్నాయి. ఆ రెండు కళ్ళకు నీడ కూడా గోడే. అంత పొడుగు గోడలో నీడ లేకుండా, ఎండ పడి, తలుపు తెరిచినట్టు మెరుస్తున్న చోటు ఒక్కటే ఉంది. అది చెలిమె దారి. బండి ఆగింది. మెడ తిప్పింది. తెరిచిన తలుపు ఉండగా ఎడమకు తిరగడం దేనికి? నేరుగా చెలిమె దారి వైపు నడిచింది. ఆ దారికి అటూ ఇటూ మొదటి రెండు సాళ్ళలోనే పండుకు దగ్గరపడిన కాయలన్నీ ఉన్నాయి.

తడక జరుపుదామంటే బండి కళ్ళముందు కదలాలి. బండినే చేత్తో తోసేస్తే పరీక్ష పోతుంది. పోతే పది రోజులూ పోలీసులూ. కొంచెం వ్యవధి మాత్రం ఉంది, బండి మూరెడుకోసారి ఆలోచిస్తుంది కాబట్టి. అది మెడ అటు తిప్పినప్పుడు ఆమె నాలుగు అడుగులు వేసి, చెలిమె దారి మొదట్లో గొంతుక్కూర్చుంది. చీర కొంగు తల మీదుగా లాక్కుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కదలడం మానేసింది.

బండి నాలుగు మూరల దూరంలో ఆగింది. రెండు కళ్ళూ ఆమెను చూశాయి.

షామియానాలో పెద్దసారు దూరదర్శిని కళ్ళకు పెట్టుకున్నాడు. "శ్రీనివాస్, ఏమిటది?"

"అడ్డంకి సార్."

"మీ లిస్టులో ఆరే ఉన్నాయి. ఇది ఏడోది."

"స్థానికంగా ఉన్నదే సార్. మేం పెట్టింది కాదు."

"కదులుతుందా?"

శ్రీనివాస్ పది రోజులుగా ఆమెను చూస్తున్నవాడు. "కదలదు సార్. నేను ప్రయత్నించాను."

పాన్ బుగ్గన పెట్టుకుని కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో పాన్ తినేవాళ్ళకు చెప్పనక్కరలేదు. నోరు నిండుతుంది, ఉమ్మడానికి లేదు, మింగడానికి లేదు. ఒక ఈగ వచ్చి ఆమె ముక్కు మీద వాలింది. తిమ్మప్ప తన తోట గట్టు దాకా వచ్చి, అన్నీ చూసి, సంగతి అర్థం చేసుకున్నాడు. తాడు లోపలే ఉన్నాడు గానీ అతని తోట కుడివైపున, బండి చూపుకు అందని పక్కన ఉంది.

"బీబమ్మా" అని పిలిచాడు.

జవాబు లేదు.

"ఏం బీబమ్మా, పలకవు?"

పలకలేదు. తిమ్మప్ప ముఖంలో ఒక వెలుగు వచ్చింది. నెమ్మదిగా కూర్చున్నాడు.

"పందొమ్మిదేండ్ల సంది నీ పక్కన తోట చేస్తున్న. ఒక్కపారి నా మాట పూర్తిగ విన్నవా? నేను నోరు తెరుస్తనే ఉంట, నువ్వు మూస్తనే ఉంటవ్. ఇయ్యాల వింటవ్. మొన్న నా ఎరువు గంప నీ మేక తన్నింది. దాన్ని ఏమన్న అన్ననా? అనలే. నా పెండ్లామొచ్చి అడిగితె నువ్వు ఏమన్నవ్? మేక కన్న తిమ్మన్నదే ఎక్కువ లొల్లి అన్నవ్. నలుగురిల అన్నవ్."

బండి మెడ కిందికి దించి, మళ్ళీ ఎత్తింది. ఒక మూర వెనక్కి జరిగింది. ఆగింది.

"బస్టాండ్ల నా గిరాకీని పిలుస్తవ్. తిమ్మప్ప కాయ చూడ చక్కదనం, తిన చప్పదనం అంటవ్. గది పాట కట్టి మరీ చెప్తవ్. ఆ మాట నా మనుమరాలికి కూడ వచ్చింది, నాకే చదువుతది. నీ కాయలేమన్న బెల్లం తాగినయా? అవే నీళ్ళు, అదే ఎరువు."

ఖుర్షీద్ బేగం కళ్ళు మాత్రం అతని వైపు తిరిగాయి. ఆ చూపులో ఏముందో తిమ్మప్పకు పందొమ్మిదేళ్ళుగా తెలుసు. కానీ చూపుతో ఎవరూ ఎవరినీ నోరు మూయించలేరు. అతనికి ఊపు వచ్చింది. ఏనాడూ చివరిదాకా సాగనివ్వని మనిషి ఎదురుగా, చివరిదాకా సాగే అవకాశం దొరికింది. పొయ్యి కట్టెల గొడవ చెప్పాడు. ఆమె బిడ్డ నిఖాలో తన ఆకులో ముక్కలు తక్కువ పడ్డాయని చెప్పాడు. చెప్పవలసినవి అయిపోయాక, చెప్పకూడనిదీ బయటికి వచ్చింది.

"నా కాయ చప్పగుంటదంటివి. మరి పోయిన ఏడు నా మొదటి పండు తిని తియ్యగుందని నువ్వే చెప్పినవ్ కదా? ఏండ్ల సంది ఏటా చెప్తున్నవ్ కదా? ఎందుకుండదు తియ్యగ. అది నీ జాగల పండిందే. హఫీజ్ భాయ్ పోయిన ఏడు నువ్వు నలభై రోజులు ఇంట్ల కూసుంటివి. నేను రెండు గుంతలు ఇటు జరుపుకున్న. నువ్వు వచ్చినంక చూడలే. అక్కడ చెమ్మ ఎక్కువ, ఎప్పుడైనా ముందు అక్కడ్నే దిగుతది పండు. ఇగో, రేపు కోద్దామనుకుంటున్న."

అని, తాను ఏం చెప్పాడో అప్పుడు విన్నట్టు, ఆగిపోయాడు.

సరిగ్గా అప్పుడు బండి కూడా ఒక నిర్ణయానికి వచ్చింది. అడ్డంకికి రెండు వైపులా సమానంగా గోడ ఉంది. ఎడమకు తిరిగింది. తడకల నీడల వెంట, మూరెడు మూరెడుగా, తోట అంచు పట్టుకుని పోయింది. గొడుగు కింద లావణ్య దాని వెనకే పోతూ, పెద్దమ్మ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కూడా తల తిప్పలేదు. తిప్పితే నవ్వు ఆగదు.

ఆ తర్వాత సంస్థవాళ్ళు రాసిన నివేదికలో ఇలా ఉంది: అడ్డంకి నంబరు ఏడు, స్థిరం, ఎత్తు డెబ్బై సెంటీమీటర్లు, దాన్ని అంచనా వేయడానికి యంత్రానికి పదకొండు నిమిషాలు పట్టింది, సరైన దారిని స్వయంగా ఎంచుకుంది. ఆ పదకొండు నిమిషాల్లో తిమ్మప్పను ఎవరూ అంచనా వేయలేదు.

బండి కనుమరుగయ్యాక ఖుర్షీద్ బేగం ఒక చేత్తో ఇసుక ఆనుకుని లేచింది. పాన్ ఉమ్మింది. ఈగను కొట్టింది. కొడవలి తీసుకుని, తన తోటలోకి కాదు, తిమ్మప్ప తోట వైపు నడిచింది.

"ఏవి ఆ రెండు?"

"ఏ రెండు?" అన్నాడు తిమ్మప్ప.

"నోరు నీది తిమ్మన్నా. చెవులు నావి."

"మాటవరసకన్న బీబమ్మా. ఏదో, నువ్వు పలుకుతలేవని."

ఆమె అతనితో వాదన పెట్టుకోలేదు. తన తోట మొదట్లో ఉన్న నల్ల బండ దగ్గరికి పోయి, అక్కడినుంచి హఫీజ్ ఏటా కొలిచినట్టే పాదం వెనక పాదం పెట్టి కొలుచుకుంటూ వచ్చింది. చుట్టుపక్కల తోటలవాళ్ళు పనులు ఆపి చూస్తున్నారు. కొలత తిమ్మప్ప గట్టు దాటి రెండు గుంతలు లోపలికి పోయి ఆగింది. ఆమె వంగి ఆకులు పక్కకు తీసింది. పండు పసుపు తిరిగి, తొడిమ దగ్గర సన్నగా చీలి ఉంది. గోటితో కొట్టి చూసింది.

"ఇది ఈ పొద్దుకు" అంది.

"బేడ బీబమ్మా, వద్దు. అది నేను నీళ్ళు పోసిన కాయ."

"నీళ్ళు నీవి. జాగ ఎవరిది?"

తిమ్మప్ప చుట్టూ చూశాడు. పదకొండు నిమిషాల ప్రసంగం ఆమె ఒక్కతే వినలేదు. అతని గొంతు ఎప్పుడూ పెద్దదే, ఇసుక మీద మాట దూరం పోతుంది. గట్టు మీద నిలబడ్డ ఒక ముసలావిడ, "కోస్తే కోయనీయి తిమ్మప్పా, పందొమ్మిదేండ్లు నువ్వు తింటివి కద" అంది. ఎవరూ కాదనలేదు.

ఖుర్షీద్ బేగం పండు కోసింది. అక్కడే ఇసుక మీద కూర్చుని రెండు చెక్కలు చేసింది. వాసన గట్టు దాకా వచ్చింది. ఒక చీలిక తీసి, గింజలతో సహా తిమ్మప్పకు చాపింది.

దూరంగా ఒడ్డున చప్పట్లు మోగాయి. బండి రెండో జెండా చేరినట్టుంది. తిమ్మప్ప ఆశగా అటు తల తిప్పాడు.

"అటు కాదు. ఇటు" అంది ఖుర్షీద్ బేగం.

తిమ్మప్ప చీలిక అందుకున్నాడు. కొరికాడు. చాలాసేపు నమిలాడు. అంత తీపిని చప్పనని చెప్పడానికి కావలసిన ధైర్యం ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఇసుకంతా చూశాడు. పక్కకు తిరిగి గింజలు ఉమ్మాడు.

"చెప్పు."

"హౌదు."

"హౌదు చెల్లదు. అందరు ఎట్ల చెప్తరో గట్ల చెప్పు."

"తియ్యగుంది."

ఆమె కొడవలి చీరకు తుడుచుకుంటూ అతని బుగ్గ వైపు చూసింది.

"రెండు గింజలు ఇంక నోట్లనే ఉన్నయి. అవి గూడ ఉమ్ము."